మూడో చెయ్యి

రేకులు కొట్టే మూడో ప్రెస్సు కింద పోసిన రంపపుపొట్టు ఇంకా తడిగానే ఉంది. మేస్త్రి దానిమీదే మోకాళ్ళేసి కూర్చుని, అచ్చు మూలల్లోకి గుడ్డపీలిక దూర్చి తుడుస్తున్నాడు. పీలిక ఎర్రగా బయటికొస్తోంది. దాన్ని బకెట్లో జాడించి, పిండి, మళ్ళీ దూరుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ షెడ్డులో యంత్రాలు తుడిచిన చేతులు గనక వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనిషి మాత్రం అక్కడ లేడు. మేనకోడల్ని ఆసుపత్రికి తీసుకుపోయిన ఆటో వెనకాలే పరిగెడుతున్నాడు.

"ఇంకా ఎంతసేపయ్యా?" అంది వెనకనుంచి సూపర్‌వైజరు గొంతు. "భోజనాలయ్యేసరికి అది నడవాలి. సాయంత్రం లారీ వస్తోంది."

ఆ సూపర్‌వైజర్ని షెడ్డులో అందరూ గడియారం అంటారు. మనిషి మొహం చూసి మాట్లాడగా ఎవరూ ఎరగరు. గోడమీది గడియారాన్ని చూస్తూనే తిడతాడు, దాన్ని చూస్తూనే పొగుడుతాడు. పొగిడింది తక్కువే అనుకోండి. పొద్దున ఆ పిల్ల అరిచిన అరుపుకి మిగతా మూడు ప్రెస్సులూ ఆగిపోయి ఆడవాళ్ళంతా పరిగెత్తుకొస్తే, ఆయన ముందు చూసింది గడియారాన్నే.

"నడుస్తుందండీ," అన్నాడు మేస్త్రి. అతని గొంతు అతనికే పరాయిదిలా వినిపించింది.

లేచి నిలబడేసరికి ప్రెస్సు ఎడంవైపు బటను కళ్ళముందుకొచ్చింది. దాన్ని కరిచిపట్టుకుని ఇంకా అలాగే ఉంది ఆ వస్తువు. సైకిలు బ్రేకు పిడి ఒకటి, మోటారుసైకిలు స్టాండు స్ప్రింగు ఒకటి, తగిలించి ఊడదీసేటప్పుడు అరచెయ్యి ఒరుసుకోకుండా నీలంరంగు చెప్పుముక్క ఒకటి. అచ్చు నిండా నెత్తురు చిమ్మినా దానిమీద ఒక్క చుక్క పడలేదు. ఏమీ ఎరగనట్టు, బుద్ధిగా, బటన్ని నొక్కిపట్టుకునే ఉంది.

షెడ్డులో దాన్ని మూడో చెయ్యి అంటారు. చేసింది మేస్త్రే.

అక్కడ తలుపులకి వేసే మడతబందులు తయారవుతాయి. రేకుముక్కని అచ్చుమీద పెట్టాలి, ప్రెస్సు దిగి కొట్టాలి, కొట్టిన ముక్కని తీసి డబ్బాలో పడెయ్యాలి. రోజంతా ఇదే. పూర్వం కాలితో తొక్కితే ప్రెస్సు దిగేది. ఒకసారి ఒకాయన చెయ్యి దానికింద నలిగిపోయింది. అధికారులు గట్టిగా పట్టుబట్టాక ప్రతి ప్రెస్సుకీ రెండు బటన్లు పెట్టారు, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది. రెండు చేతులూ బటన్లమీదుంటే అచ్చులో పెట్టడానికి ఇంకో చెయ్యి ఎవరికీ ఉండదు కదా. అంత సులువైన లెక్క అది.

కాని పని సగానికి పడిపోయింది. యజమాని మొహం మాడ్చుకుని తిరిగాడు. ఒకరోజు గడియారం వచ్చి గోడవైపు చూస్తూ, "నీ చిట్కాలన్నీ ఎటుపోయాయి మేస్త్రీ? ముసలాడివైపోయావా?" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది.

మేస్త్రి సంగతి అందరికీ తెలుసు. అతని దగ్గర కొన్న పనిముట్టు ఒక్కటీ లేదు. సుత్తి తల లారీ ఇరుసుముక్క, పిడి విరిగిన పార కర్ర. అరిగిపోయిన ఆకురాయిని మూడువైపులా నూరి గీకుడుకత్తి చేసుకున్నాడు. పాత కారు జాకీని అడ్డంగా బిగించి, ముక్కలు కదలకుండా పట్టే వైసు చేశాడు. ఎవరో పారేసిన కుట్టుమిషను తొక్కుడుకి సానరాయి తగిలించాడు. పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం పీకి, తాడు కట్టి, నేలమీది ఇనపరజను ఏరేవాడు. కొత్త ఆకురాయి ఒక్కటి కొనిపెట్టండని అడిగినప్పుడల్లా యజమాని నవ్వి, "నీ చేతిలో పడితే చెత్త కూడా బంగారమేనయ్యా, నీకు కొత్తవెందుకు?" అనేవాడు. మేస్త్రి కూడా పొంగిపోయి నవ్వేవాడు. కూలి పెంచేచోట పొగిడితే సరిపోతుందని ఈ యజమానులు ఏ బడిలో నేర్చుకుంటారో గాని, బాగా నేర్చుకుంటారు.

ముసలాడివైపోయావా అన్న మాట మేస్త్రిని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ మధ్యాహ్నమే, అన్నం పక్కకి నెట్టి, చెత్తకుప్పలో దేవులాడి, మొదటి మూడో చెయ్యి చేసేశాడు. అది ఎడం బటన్ని పట్టుకుని ఉంటుంది. కుడిచెయ్యి ఒక్కటి నొక్కితే ప్రెస్సు దిగుతుంది. ఎడంచెయ్యి రేకులు పెట్టడానికి, తియ్యడానికి ఖాళీ. ఆడవాళ్ళు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. పని రెట్టింపయింది. యజమాని మేస్త్రికి ముక్కాలిపీట తీసేసి చేతుల కుర్చీ వేయించాడు. కొన్నాళ్ళు తిరిగేసరికి వంద రేకులకి పది రూపాయలున్న కూలి ఏడుకి దిగింది. "ఇప్పుడు సులువైపోయింది కదమ్మా," అన్నాడు గడియారం, గోడతో. మూడో చేతి సంపాదన ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. అది లేకుండా ఆ ఏడుమీద బతకడం మాత్రం ఇక ఎవరివల్లా కాలేదు.

దాంతోపాటు ఒక ఆనవాయితీ కూడా వచ్చింది. తనిఖీకి ఎవరైనా వస్తే గేటు దగ్గర కాపలావాడు గంట రెండుసార్లు కొడతాడు. మేస్త్రి సంచి పట్టుకుని, చందాలు వసూలు చేసేవాడిలా ప్రెస్సుల చుట్టూ తిరుగుతాడు. ఆడవాళ్ళు టక్కున ఊడదీసి సంచిలో పడేస్తారు. అధికారి అటు వెళ్ళగానే ఇటు పంపకం. బడిపిల్లలు పంతుల్ని ఏమార్చినట్టు నవ్వుకుంటూ చేసేవాళ్ళు ఆ పని.

మేనకోడలు చేరిన రోజున, "మావయ్యా, నాకు నల్లది వద్దు," అంది. మిగతావాటికన్నీ టైరుముక్కలు. అందుకని ఆ పిల్ల పాత చెప్పే కోసి నీలంది చేసిచ్చాడు. చిన్నచెయ్యి కదా అని మెత్తటి స్ప్రింగు వెతికి వేశాడు. పొద్దున జరిగింది కూడా పెద్ద విషయమేమీ కాదు. రేకు కాస్త ఓరగా పడింది. ఎడంచెయ్యి దాన్ని సర్దబోయింది. కుడిచెయ్యి అలవాటుకొద్దీ నొక్కేసింది.

"సార్ రమ్మంటున్నారు," అన్నాడు గడియారం.

యజమాని గది తలుపు తీసే ఉంది. "కూర్చో మేస్త్రీ," అన్నాడు ఆయన. ఆ గదిలో మేస్త్రి కూర్చోవడం అదే మొదలు. కుర్చీ అంచున కూర్చున్నాడు. తడిచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మనింటి పిల్లకి ఇలా జరిగిందంటే నాకు పొద్దుట్నుంచి ముద్ద దిగలేదంటే నమ్ము," అని యజమాని ఎదురుగా ఉన్న ఎంగిలిపళ్ళేన్ని పక్కకి జరిపాడు. "ఆసుపత్రి ఖర్చంతా నాది. పిల్ల లేచాక ప్యాకింగులో వేద్దాం, కూర్చుని చేసుకునే పని."

"మీ దయండీ."

"దయేముంది, మనం మనం. సరే, ఆసుపత్రివాళ్ళు కబురు చేశారట, మధ్యాహ్నం తనిఖీ ఆఫీసరమ్మ వస్తోంది. అడుగుతుంది. అందరం ఒకే మాటమీదుండాలి. బటన్లు రెండూ బాగానే ఉన్నాయి. పిల్ల తొందరపడి ఎడం బటన్లో ఏదో దూర్చుకుంది. అంతే."

"ఏదో అంటే..."

"ఏదో. అగ్గిపుల్లో, రేకుముక్కో. నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు."

మేస్త్రి కుర్చీ అంచుకి ఇంకాస్త జరిగాడు. "అలా రాసుకుంటే తప్పంతా పిల్లదే అవుతుంది కదండీ. దానికి రావలసిన నష్టపరిహారం రాకుండా పోతుంది కదా."

"రావలసింది ఎవరికి ఎప్పుడొచ్చిందయ్యా? దానికోసం తిరిగి తిరిగి చెప్పులరగాలి. నేనిచ్చేది ఇవాళే ఇస్తాను." యజమాని గొంతు ఏమాత్రం పెరగలేదు. "కాదంటావా, అప్పుడు అది చేసిందెవరనే మాటొస్తుంది. చెయ్యమని నేను చెప్పానా? నీ ముక్కలు, నీ స్ప్రింగు, నీ తెలివి. పోలీసులు వస్తే పట్టుకెళ్ళేది నన్నా, నిన్నా?"

గోడమీద ఏదో చప్పుడయితే మేస్త్రి అటు చూశాడు. బల్లి.

"భయపెట్టడానికి చెప్పట్లేదు. నీ మంచికే." యజమాని లేచి వచ్చి అతని భుజంమీద చెయ్యేశాడు. "మిగతావి ఎప్పట్లాగే సంచిలో వేసెయ్. మూడో ప్రెస్సుది మాత్రం ముక్కలు చేసెయ్. రెండ్రోజులాగి కొత్తవి చేద్దువుగాని. ఈసారి చెత్తతో వద్దు. స్టోర్లో కొత్త స్ప్రింగులు తీసుకో, మంచి ఉక్కు తీసుకో. ఏది కావాలంటే అది."

ముప్ఫై ఏళ్ళు అడిగినా ఒక్క ఆకురాయి రాలని స్టోరు అది. ఇవాళ అడక్కుండానే తలుపులు తెరుచుకుంది.

మేస్త్రి బయటికొచ్చి, మూడో ప్రెస్సు బటన్నుంచి ఆ నీలందాన్ని ఊడదీసుకుని తన మూలకి వెళ్ళాడు. సానరాయి ముందు కూర్చుని కాలు తొక్కుడుమీద పెట్టాడు. రాయి తిరగడం మొదలెట్టింది. స్ప్రింగుని దానికానిస్తే చాలు, రెండు నిమిషాల పని. చెయ్యి ముందుకి పోలేదు. చెప్పుముక్కమీద పిల్ల అరచెయ్యి ఆనిన చోట రంగు వెలిసిపోయి గుంటపడింది.

బటన్లు రెండెందుకు పెట్టారో అతనికి తెలియదా? అందరికంటే బాగా తెలుసు. అవి బిగించినప్పుడు తీగలు లాగింది తనే. తెలిసుండీ దాన్నొక చిక్కుముడిలా చూశాడు. విప్పగలనా లేదా అన్నదొక్కటే ఆలోచించాడు. స్ప్రింగు ఎంత బిగువుండాలి, అరచెయ్యి ఒరుసుకోకుండా ఏం వెయ్యాలి, టక్కున ఊడిరావాలంటే వంపు ఎలా ఉండాలి, అన్నీ ఆలోచించాడు. అచ్చులో పెట్టే వేళ్ళ గురించి తప్ప. కాలు తొక్కుడుమీంచి తీసేశాడు. రాయి కాసేపు దానంతటదే తిరిగి ఆగింది. నీలందాన్ని చొక్కాజేబులో వేసుకున్నాడు.

భోజనాల దగ్గర ఎవరి గిన్నె వాళ్ళు తెరిచారే గాని ఎవరూ తినడం లేదు. మొదటి ప్రెస్సుమీద పనిచేసే పెద్దామె, అందరూ పెద్దమ్మ అని పిలిచే మనిషి, మేస్త్రిని చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

"ఏమన్నాడు తమ్ముడూ?"

చెప్పాడు. దాచలేదు. ఆసుపత్రి ఖర్చు దగ్గర్నుంచి స్టోర్లో కొత్త ఉక్కుదాకా అంతా చెప్పాడు.

"అంటే మళ్ళీ చేస్తావన్నమాట," అంది రెండో ప్రెస్సు కళ్ళద్దాలామె.

"చెయ్యకపోతే? తీసేస్తే మీరు పని చెయ్యగలరా?"

"తీసేస్తే పొద్దుగూకేసరికి సగం," అంది పెద్దమ్మ. "సగానికి ఏడు చొప్పున. ఇంటికెళ్ళి ఆ సగంతో ఎవరికి పెట్టను, ఎవర్ని పస్తుంచను? నిన్ను కడుపారా తిట్టుకుందామని పొద్దుట్నుంచి చూస్తున్నా తమ్ముడూ, నోరు రావట్లేదు. నా రెండు చేతులూ నీ మూడోచేతి మీదే బతుకుతున్నాయి."

నాలుగో ప్రెస్సులో ఈమధ్యే చేరిన అమ్మాయి బిక్కమొహం వేసుకుని అడిగింది. "తీసేస్తారా ఏంటి పెద్దమ్మా? నాకసలే చెయ్యి తిరగలేదు."

"తిరుగుతుంది లేమ్మా. తిరిగినదాని చెయ్యే పోయింది ఇవాళ."

ఆ మాటతో ఆ అమ్మాయి గిన్నె మూసేసింది.

అప్పుడే మేస్త్రి ఫోను మోగింది. చెల్లెలు. అతను లేచి గోడవారకి వెళ్ళాడు.

"అన్నయ్యా," అంది చెల్లెలు. "రెండు వేళ్ళు తీసేశారు. చూపుడువేలూ, మధ్యవేలూ. ఉంగరంవేలు కుట్టారుగాని నిలుస్తుందో లేదో తెలీదంటున్నారు."

మేస్త్రి గోడకి తల ఆనించాడు. "తెలివొచ్చిందా?"

"వచ్చింది. వచ్చీ రాగానే నీ గోలే. మావయ్య పేరు బయటికి రానివ్వొద్దంటోంది. ఎవరడిగినా బటన్లో నేనే ఏదో దూర్చుకున్నానని చెప్తానంటోంది. మావయ్య నా కోసమే చేశాడు, మావయ్యని ఏమీ అనొద్దు అని ఒకటే ఏడుపు. నువ్వూ అలాగే చెప్పన్నయ్యా. దాని వేళ్ళెలాగూ పోయాయి. నీ పని కూడా పోతే మాకు దిక్కెవరు?"

ఏదో దూర్చుకున్నాను. అవే మాటలు. యజమాని నోట్లోంచి ఊడిపడ్డట్టు ఒక్క అక్షరం తేడా లేకుండా అవే. ఆయన లాభం చూసుకుని అన్నాడు. ఈ పిల్ల ప్రేమకొద్దీ అంటోంది. రెండూ పోయి పోయి ఆ పిల్ల నెత్తినే పడుతున్నాయి. రేపు కట్టువిప్పి చూసుకుంటే ఉన్న మూడు వేళ్ళతో పాటు ఆ తప్పు కూడా ఆ చేతికే ఉంటుంది. బతికినన్నాళ్ళూ.

మేస్త్రికి ఏడుపొచ్చింది. ఏడిచాడు కూడా. షెడ్డులో ఎవరూ ఎప్పుడూ చూడని సంగతి అది.

"దాన్ని ఎవరితోనూ ఏమీ చెప్పొద్దను," అన్నాడు ముక్కు తుడుచుకుని. "నేనొచ్చేదాకా నోరు విప్పొద్దను. నువ్వు కూడా."

"ఏం చేస్తావన్నయ్యా?"

"ఏమో. తెలీదు," అన్నాడు. నిజంగానే తెలీదు అతనికి.

భోజనాల వేళ అయిపోయింది. ఎవరి ప్రెస్సు దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. మూడోది ఒక్కటీ ఖాళీగా, కడిగిన మొహంతో నిలబడి ఉంది. "దీనిమీద ఎవర్ని కూర్చోబెట్టమంటారు?" అని అడగడానికి గడియారం యజమాని గదివైపు వెళ్తుండగా గేటు దగ్గర గంట మోగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

షెడ్డంతా ఒక్కసారిగా ఆగింది. ఆడవాళ్ళ చేతులు వాటంతటవే ఎడం బటన్లమీదికి పోయాయి. టక్, టక్, టక్. మూడు నల్లవీ ఊడి చేతుల్లోకొచ్చాయి. మేస్త్రి సంచి తీసుకున్నాడు. మొదటి ప్రెస్సు దగ్గరికొచ్చాడు. పెద్దమ్మ తనది చాపింది.

మేస్త్రి సంచి మూతి విప్పలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా ఆమెని దాటి నడిచాడు. రెండో ప్రెస్సు దగ్గర కళ్ళద్దాలామెనీ దాటాడు. మూడో ప్రెస్సు ముందు ఆగి, సంచిని నేలమీద పడేసి, జేబులోంచి నీలందాన్ని తీసి, ఎడం బటన్‌కి పెట్టాడు. టక్కుమంది.

గడియారం పరుగున వచ్చాడు. ఎన్నేళ్ళకో, మొట్టమొదటిసారి, గోడవైపు కాకుండా మనిషి మొహంలోకి చూశాడు. "ఏం చేస్తున్నావ్? మతుండే చేస్తున్నావా?"

"ఎక్కడిది అక్కడ పెడుతున్నానండీ."

"తియ్. ముందు తియ్ దాన్ని. వచ్చేస్తున్నారు."

"నేను తియ్యనండీ," అన్నాడు మేస్త్రి. పిల్ల కూర్చునే స్టూలుమీద కూర్చుండిపోయాడు. గడియారం చెయ్యి చాపాడు గాని, ఆ స్ప్రింగు ఎటు నొక్కితే ఊడుతుందో ఆయనకి తెలీదు. ఒక్కసారైనా ముట్టుకుని ఉంటే కదా.

ఆఫీసరమ్మ హెల్మెట్టు చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. వెనకాలే యజమాని, మొహం నిండా విచారంతో.

"ఇదేనా మెషిను?" అందామె.

"ఇదేనమ్మా." మేస్త్రి లేచాడు. ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేతి వేలితో కుడివైపు బటన్ని నొక్కాడు. ప్రెస్సు దబ్బున దిగింది. ఖాళీ అచ్చుమీద ఆ దెబ్బ షెడ్డంతా మోగింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"దీన్ని మూడో చెయ్యంటామండీ. పిల్ల ఏదీ దూర్చుకోలేదు. నేనే చేసి పెట్టాను. నన్నేం చేసినా నేను కాదనను. కాని ఇది వచ్చాక కూలి తగ్గించింది వీళ్ళు. ఇది లేకుండా ఆ కూలి గిట్టదు ఎవరికీ. మీరొచ్చినప్పుడల్లా గంట కొట్టించి దాచేవాళ్ళం."

"పాపం, మేనకోడలు మేడమ్," అన్నాడు యజమాని వెంటనే, ఎంతో మెత్తగా. "పొద్దుట్నుంచి మనిషి మనిషిలో లేడు. పిల్లమీద మమకారంతో మాకు తెలీకుండా అది ఒక్కటి చేసిపెట్టుకున్నాడు. ఇప్పుడే తెలిసింది మాకు కూడా. కావాలంటే మిగతావి చూడండి. బటన్లన్నీ ఎంత శుభ్రంగా ఉన్నాయో."

ఆఫీసరమ్మ చూసింది. మొదటి ప్రెస్సు, రెండోది, నాలుగోది. ఎడం బటన్లు మూడూ ఖాళీగా, ఎర్రగా మెరుస్తున్నాయి. మేస్త్రి చూపు నేలమీది ఖాళీ సంచిమీద పడింది. ఇన్నాళ్ళూ అందరికీ దాచడం నేర్పింది తనే.

టక్.

అందరూ అటు తిరిగారు. పెద్దమ్మ తన బటన్‌కి నల్లదాన్ని తగిలించి, చేతులు రెండూ చీరకి తుడుచుకుంటోంది. యజమానివైపు చూడలేదు. మేస్త్రివైపూ చూడలేదు. తన చేతుల్నే చూసుకుంటోంది.

టక్. ఈసారి కళ్ళద్దాలామె.

నాలుగో ప్రెస్సు దగ్గర అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చెయ్యి వెనక్కి దాచుకుంది. యజమాని ఆమెనే చూస్తున్నాడు. గడియారం చూస్తున్నాడు. ఆఫీసరమ్మ ఆ ఖాళీ బటన్‌కేసి ఒకసారి, ఆ అమ్మాయి మొహంలోకి ఒకసారి చూసింది.

"నీ దగ్గర కూడా ఉందామ్మా?"

అమ్మాయి మెల్లగా చెయ్యి ముందుకి తెచ్చింది. గుప్పిట ఇంకా బిగించే ఉంది. వేళ్ళ సందుల్లోంచి టైరుముక్క అంచు నల్లగా కనబడుతోంది.